మోకాలి ఆపరేషను తర్వాత ఇంట్లో ఆరు వారాలు

మోకీలు మార్పిడి ఆపరేషను చేయించుకుని ఇంటికి వెళ్లిన ఒక అమ్మగారిని చూడడానికి మేము చుండూరు వెళ్లాము. అప్పటికి ఆపరేషను అయి మూడు వారాలైంది. ఆస్పత్రిలో ఉండగా వాకరు పట్టుకుని వరండా చివరి దాకా నడిచిన మనిషి, మేము వెళ్లేసరికి మంచం మీద పడుకుని ఉన్నారు. మోకాలి కింద రెండు దిండ్లు ఉన్నాయి. గోడవారగా పెట్టిన వాకరు మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. కోడలు ఎంతో శ్రద్ధగా, "అత్తయ్యను కాలు కింద పెట్టనివ్వడం లేదండీ, అన్నీ మంచం దగ్గరికే అందిస్తున్నాం" అని చెప్పింది.

ఆ ఇంట్లో ప్రేమకు ఏ లోటూ లేదు. కానీ కాలు పూర్తిగా చాచడం రావడం లేదు, సగమైనా సరిగా వంగడం లేదు. వాళ్లను తప్పు పట్టలేము. ఇంటికి పంపేరోజు మందుల చీటీ మూడుసార్లు చెప్పాము గాని, దిండు సంగతి ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ లోపం మాది. అందుకే ఈసారి ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాము.

ముందుగా ఈ ఆపరేషనులో ఏం చేస్తారో చూద్దాం. తొడ ఎముక, కాలి ఎముక కలిసే చోట రెండు ఎముకల చివరలకూ నున్నటి మెత్తని పొర ఉంటుంది. దాన్ని మృదులాస్థి అంటారు. వయసుతోను, బరువుతోను, కొందరికి పాత దెబ్బల వల్లను ఆ పొర అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకుంటుంది. మోకాలు మొత్తం కోసి తీసేసి వేరేది పెడతారని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అరిగిన ఎముక చివరలను పైపైన కొన్ని మిల్లీమీటర్ల మేర చెక్కి, వాటికి లోహపు తొడుగులు బిగిస్తారు. రెంటి మధ్య గట్టి ప్లాస్టిక్ ముక్క అమరుస్తారు. మీ కండరాలు, చుట్టూ ఉన్న ముఖ్యమైన నరాలు మీవే, ఎక్కడివి అక్కడే ఉంటాయి.

ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. ఇప్పుడు వాడుతున్న తరహా కీలు 1970ల్లో న్యూయార్కులో రూపుదిద్దుకుంది. దాన్ని తయారుచేసిన వైద్యుల్లో మన దేశంలో పుట్టిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ ఒకరు. ప్రధానిగా ఉన్నప్పుడు వాజపేయిగారికి 2000లో ఒక మోకాలు, 2001లో రెండో మోకాలు ముంబయిలో మార్చింది ఆయనే. అప్పటి నుంచే మన ఊళ్లలో కూడా ఈ ఆపరేషను పేరు బాగా వినబడింది. కీలు ఎన్నాళ్లు వస్తుందని అందరూ అడుగుతారు. అనేక దేశాల లెక్కలు కలిపి చూసి 2019లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన దాని ప్రకారం, నూటికి సుమారు 82 కీళ్లు 25 ఏళ్ల దాకా పనిచేస్తాయి.

డాక్టరు చేసేది గంటన్నర, రెండు గంటల పని. ఆ తర్వాత ఆరు వారాల పని మీదీ, మీ ఇంటివాళ్లదీ. ఆపరేషను అయిన మొదటి వారాల్లో కీలు చుట్టూ లోపల మచ్చకండ పేరుకుంటుంది. కాలు కదులుతూ ఉంటే అది మెత్తగా, సాగేలా తయారవుతుంది. కదలకుండా ఉంచితే ఏ వంపులో ఉంచారో ఆ వంపులోనే బిగుసుకుంటుంది.

ఇక దిండు సంగతి. వాచిన మోకాలికి కొద్దిగా వంచి ఉంచితేనే హాయిగా ఉంటుంది. ఆ వంపులో లోపలి నీటికి చోటు ఎక్కువ దొరికి ఒత్తిడి తగ్గుతుంది. అందుకే రోగి తనంతట తానే దిండు అడుగుతారు, ఇంటివాళ్లు ఇస్తారు. రాత్రీ పగలూ అలాగే ఉంటే, కాలు చాచడం రాకుండా పోతుంది. చాచడం రాని కాలితో నిలబడితే తొడ కండరం క్షణం కూడా విశ్రాంతి లేకుండా పనిచేయాలి. కుంటు వస్తుంది, నడుం నొప్పి మొదలవుతుంది. వంగడం కొంచెం తగ్గినా బతుకు సాగుతుంది గాని, చాచడం రాకపోతే ప్రతి అడుగూ కష్టమే. దిండు పెట్టాలనిపిస్తే మడమ కింద పెట్టండి, మోకాలి కింద మాత్రం వద్దు. మడమ ఎత్తుగా ఉండి మోకాలు గాలిలో ఉంటే, కాలు తన బరువుకు తానే నిటారుగా సాగుతుంది. మొదట పది నిమిషాలు కూడా ఓర్చుకోలేరు. పదితో మొదలుపెట్టి పెంచుకోండి.

వ్యాయామాలు మంచం మీదే చేసుకోవచ్చు. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి చేయాలి. పిక్కల్లో రక్తం గడ్డ కట్టకుండా ఇది కాపాడుతుంది. మోకాలిని పరుపుకేసి నొక్కి, తొడ బిగించి, ఐదు లెక్కపెట్టి వదలాలి. మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు వంచాలి. మడమ జారడానికి కింద ప్లాస్టిక్ కాగితం వేసుకుంటే సులువు. తర్వాత కుర్చీలో కూర్చుని కాలు కిందికి వదిలి, రెండో కాలితో మెల్లగా వెనక్కి నెట్టాలి. ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. మూడో వారానికల్లా కుర్చీలో మామూలుగా కూర్చున్నంత వంపు, అంటే 90 డిగ్రీలు రావాలి. మూడు నెలలకు చాలామందికి 110 దాటుతుంది.

నొప్పి వస్తుంది. రాదని చెప్పి మిమ్మల్ని మోసం చేయము. డాక్టరు రాసిన నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేసుకోండి. అయ్యాక ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి పావుగంట పెట్టండి. అరగంట, గంటలో తగ్గే నొప్పి మంచి నొప్పే. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం ఐదారు వారాల దాకా ఉంటుంది. "అనవసరంగా చేయించుకున్నాను" అని ఏడ్చేది ఎక్కువగా ఆ రాత్రిళ్లలోనే. పక్కన ఎవరైనా పడుకుని ఉండండి. మోకాలు వెచ్చగా ఉండడం, సాయంత్రానికి వాపు రావడం కొన్ని నెలలు ఉంటుంది. కుట్టు పక్కన తిమ్మిరి కొందరికి ఎప్పటికీ పోదు, దానివల్ల ప్రమాదం లేదు.

మన ఇళ్లలో మరో కష్టం పత్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని మానేసి చారూ అన్నం పెడతారు. గాయం మానడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు ఏదైనా పెట్టండి, చీము పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, అదుపులో లేని షుగరు వల్ల. షుగరు ఉన్నవాళ్లు మందు మానవద్దు. కుట్టు మీద పసుపు, ఆకు పసరు, ఆముదం కాపడం పెట్టవద్దు. ఎవరు చెప్పినా మర్దన చేయించవద్దు.

పొలం పనికి వెళ్లే ఆడవాళ్లకు ఒక మాట. నాట్లలో రోజంతా బురదలో నిలబడి వేళ్ల సందులు ఒరిసి పుండు పడి ఉంటుంది. ఆ పుండుతో ఆపరేషనుకు రాకండి. ముందు అది చూపించి మాన్పుకోండి. పాదం పుండులోని క్రిమి రక్తంలో కలిసి కొత్త కీలును చేరవచ్చు. ఆపరేషను అయ్యాక కూడా కాలి పుండునూ పంటి చీమునూ అశ్రద్ధ చేయవద్దు. దంతవైద్యుడికి మోకీలు మార్చిన సంగతి ముందే చెప్పండి.

నడక మొదటి రోజో, మరునాడో మొదలవుతుంది. వాకరుతో రెండు మూడు వారాలు, తర్వాత కర్రతో. కర్ర ఆపరేషను కాలి వైపు చేతితో పట్టుకుంటారు చాలామంది. అది రెండో చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు. తెనాలి స్టేషను వంతెన ఎక్కాల్సి వచ్చినప్పుడు ఈ మాట గుర్తుచేసుకోండి. కిక్కిరిసిన ఆటోలో కాలు ముడుచుకుని ఇరుక్కోవద్దు, బండి మీద పక్కకు తిరిగి కూర్చోవద్దు. పెరటి బండలు తడిగా ఉంటే వాకరు కూడా జారుతుంది. దొడ్డికి కమోడు కుర్చీ తప్పనిసరి. గొంతుక్కూర్చోవడం, నేల మీద బాసిపట్టు వేసుకోవడం ఇక మానుకోవాలి.

గుడిలో మోకరించవచ్చా అని సంఘంలోని పెద్దవాళ్లు సంకోచంగా అడుగుతారు. కుట్టు పూర్తిగా మాని, డాక్టరు సరేనన్నాక మెత్తటి దిండు మీద మోకరిస్తే కీలు పాడవదు. కానీ తిమ్మిరి చర్మం మీద బరువు పడితే చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది, లేవడమూ కష్టం. కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసేవారిని ఎవరూ వింతగా చూడకుండా ఉంటే చాలు.

ఖర్చు గురించి ఒక్క మాట. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకీలు పరికరాలకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అంతకుముందు సగటున లక్షన్నర పైగా ఉన్న మామూలు కోబాల్టు క్రోమియం కీలుకు పన్ను కాకుండా 54,720 రూపాయలని పెట్టింది. బిల్లులో పరికరం పేరు, ధర విడిగా రాయమని అడగండి.

కిందివి కనబడితే రేపటిదాకా ఆగవద్దు. పిక్క గట్టిపడి నొప్పి పుట్టి వాచడం, కుట్టు నుంచి చీము లేక నీరు కారడం, ఎరుపు పాకడం, చలితో జ్వరం, పడిపోవడం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

చుండూరు అమ్మగారి దిండ్లు ఆ రోజే తీయించాము. కోడలికి మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టడం నేర్పాము. ఫిజియోథెరపిస్టు వారానికి రెండు రోజులు వెళ్లారు. ఎనిమిదో వారానికి ఆమె కాలు దాదాపు నిటారుగా వచ్చింది. వంపు 95 దగ్గర ఆగింది. మత్తు ఇచ్చి వంచే పద్ధతి ఉంది గాని, "నేను కుర్చీలో కూర్చుని కూరలు తరుక్కుంటే చాలు నాయనా" అని ఆమె వద్దన్నారు.

ఆరో వారం పరీక్షకు వచ్చేటప్పుడు పాత ఎక్స్‌రేలతో పాటు వాకరు కూడా తీసుకురండి. దాని కాళ్ల రబ్బర్లు అరిగి ఉంటే ఇక్కడే మారుస్తాము.