స్కా సంగీతం: రికార్డు మీద లేబుల్ ఎందుకు గీకేశారు?

ఇవాళ్టి ఎపిసోడ్ స్కా గురించి. చాలామందికి "రెగే తెలుసు, బాబ్ మార్లే తెలుసు, ఈ స్కా ఏంటి బ్రో?" అనే డౌట్ ఉంటుంది. సింపుల్‌గా చెప్పాలంటే రెగేకి స్కా తాత లాంటిది. తాత ఇంకా బతికే ఉన్నాడు, ఇంకా డాన్స్ చేస్తున్నాడు కూడా.

స్కా ఫ్యాన్స్ ఇద్దరు కలిస్తే ఒక గొడవ గ్యారంటీ. "అసలైన స్కా జమైకాది" అంటాడు ఒకడు. "కాదు, 1979 ఇంగ్లండ్ బ్యాండ్‌లది" అంటాడు ఇంకొకడు. "నేను 90ల అమెరికా బ్యాండ్‌లు వింటూ పెరిగాను, అది స్కా కాదా?" అంటాడు మూడోవాడు. ఫస్ట్ వేవ్, సెకండ్ వేవ్, థర్డ్ వేవ్ అని లెక్కలు వేసుకుంటారు. నేను ఆ గొడవలో దిగట్లేదు. రికార్డు మధ్యలో ఒక గుండ్రటి కాగితం ఉంటుంది చూశారా, దాన్నే లేబుల్ అంటారు. మన తాతల గ్రామఫోన్ ప్లేట్ల మీద కుక్క బొమ్మ ఉండేది కదా, అదే. ఇవాళ ఆ కాగితం వెంట పడి వెళ్దాం. దాని మీద ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అని చూస్తే స్కా కథ మొత్తం అర్థమవుతుంది.

ముందు బీట్ అర్థం చేసుకుందాం

ఒక చిన్న పని చేయండి. కాలితో నేల మీద తడుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. ఇప్పుడు అంకెకీ అంకెకీ మధ్యలో "అండ్" అనండి. ఒకటీ అండ్ రెండూ అండ్. ఆ "అండ్" దగ్గర చప్పట్లు కొట్టండి. మన భజనల్లో తాళం సరిగ్గా దెబ్బ మీద పడుతుంది కదా. స్కాలో గిటార్, పియానో రెండూ దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో "చక్, చక్" మంటాయి. కింద బేస్ గిటార్ నడుస్తూ ఉంటుంది, పైన ట్రంపెట్, శాక్సోఫోన్, ట్రాంబోన్ ఊదుతుంటారు. వింటే కూర్చోబుద్ధి కాదు. అంతే, మీకు స్కా వచ్చేసినట్టే.

కింగ్‌స్టన్: లేబుల్ గీకేసిన రోజులు

1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో సామాన్యులకి ఇంట్లో రికార్డ్ ప్లేయర్ ఉండేది కాదు. బ్యాండ్‌ని పిలిపించుకునే స్తోమత కూడా లేదు. దాంతో సౌండ్ సిస్టమ్‌లు వచ్చాయి. మన ఊళ్ళో వినాయక చవితికి డీజే బాక్సులు పెడతారు చూడండి, అలాంటి పెద్ద పెద్ద స్పీకర్లు. వాటిని వీధిలోనో, పెద్ద ఆవరణలోనో పెట్టి, టికెట్ పెట్టి డాన్సులు నడిపేవాళ్ళు. క్లెమెంట్ కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్, తర్వాత ప్రిన్స్ బస్టర్, వీళ్ళ మధ్య భయంకరమైన పోటీ.

పోటీ దేని మీద అంటే, పక్కవాడి దగ్గర లేని రికార్డు నా దగ్గర ఉండాలి. అమెరికా నుంచి రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు తెప్పించేవాళ్ళు. మరి ఆ పాట పేరు అవతలివాడికి తెలిసిపోతే? అందుకని లేబుల్ మీద కాగితాన్ని గీకేసేవాళ్ళు! కాక్సన్ అయితే విల్లిస్ జాక్సన్ అనే అమెరికన్ శాక్సోఫోన్ వాద్యకారుడి రికార్డు ఒకదానికి "కాక్సన్ హాప్" అని తన పేరే పెట్టేసుకున్నాడు. కొన్నాళ్ళకి డ్యూక్ రీడ్ దాని అసలు పేరు కనిపెట్టి, తన సిస్టమ్‌లో అదే పాట వేసి పరువు తీశాడు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇంకొకరి కోడ్ కాపీ చేసి పైన కామెంట్‌లో రాసినవాడి పేరు తీసేసేవాళ్ళని చూశాను. ఇదీ సేమ్ అండీ. వాయించినవాడి పేరు చెరిపేసి వ్యాపారం చేయడం. స్కా పుట్టక ముందే ఈ అలవాటు మొదలైంది.

తర్వాత అమెరికాలో జనం టేస్ట్ రాక్ అండ్ రోల్ వైపు మళ్ళింది, వీళ్ళకి కావలసిన రికార్డులు తగ్గిపోయాయి. దాంతో సౌండ్ సిస్టమ్ ఓనర్లే సొంతంగా పాటలు రికార్డ్ చేయించడం మొదలుపెట్టారు. అలా పుట్టింది స్కా. 1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఉత్సాహం అంతా ఈ బీట్‌లో వినిపిస్తుంది. 1963లో కాక్సన్ డాడ్ స్టూడియో వన్ తెరిచాడు. 1964లో స్కాటలైట్స్ బ్యాండ్ ఏర్పడింది. వాళ్ళలో చాలామంది ఆల్ఫా బాయ్స్ స్కూల్‌లో చదివినవాళ్ళు. కాథలిక్ సిస్టర్లు నడిపే స్కూల్ అది, పేద పిల్లలకి సంగీతం నేర్పించేవాళ్ళు. ఈ స్కూల్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మరి డబ్బులు? సాధారణంగా వాద్యకారుడికి పాటకి ఇంత అని చేతిలో పెట్టి పంపించేవాళ్ళు. ఆ తర్వాత రికార్డు వంద అమ్ముడైనా లక్ష అమ్ముడైనా అతనికి సంబంధం లేదు. "ఓ కరోలినా" అనే పాట తీసుకోండి. ఫోక్స్ బ్రదర్స్ పాడారు, ప్రిన్స్ బస్టర్ ప్రొడ్యూస్ చేశాడు. 1993లో షాగీ అదే పాట మళ్ళీ పాడితే బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అప్పుడు లేచింది ప్రశ్న: అసలు రాసింది ఎవరు? లండన్‌లో కేసు నడిచి, 1994లో కోర్టు రాసింది జాన్ ఫోక్స్ అని తేల్చింది. ముప్పై ఏళ్ళ పైమాట అండీ! ఒక మనిషి తన పాట తనదే అని చెప్పించుకోవడానికి పట్టిన టైమ్ అది.

లండన్: వలస వెళ్ళినవాళ్ళ లేబుల్స్

ఇప్పుడు ఇంగ్లండ్ వెళ్దాం. పనుల కోసం జమైకా నుంచి వేలమంది అక్కడికి వలస వెళ్ళారు. వాళ్ళకి సొంత ఊరి పాట కావాలి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు తెలుగు పాటల కోసం ఎలా వెతుక్కుంటారో అలాగే. 1960లో లండన్‌లో బ్లూ బీట్ అనే లేబుల్ వచ్చింది. అది ఎంత ఫేమస్ అయిందంటే ఇంగ్లండ్‌లో స్కాని "బ్లూ బీట్" అనే పిలిచేవాళ్ళు. మన దగ్గర ఏ వనస్పతి అయినా డాల్డా అన్నట్టు.

క్రిస్ బ్లాక్‌వెల్ జమైకాలో పెట్టిన ఐలండ్ రికార్డ్స్ 1962లో లండన్‌కి మారింది. 1964లో అతను మిల్లీ స్మాల్ అనే అమ్మాయితో "మై బాయ్ లాలీపాప్" పాడించాడు. బ్రిటన్‌లో రెండో స్థానం, అమెరికాలోనూ రెండో స్థానం. కానీ ఆ రికార్డు ఐలండ్ లేబుల్ మీద రాలేదు, ఫాంటానా అనే పెద్ద లేబుల్ మీద వచ్చింది. అంత పెద్ద హిట్‌ని చిన్న కంపెనీ మోయలేదని బ్లాక్‌వెల్ లెక్క.

ఇక్కడ మనవాళ్ళకి నచ్చే విషయం ఒకటి ఉంది. 1968లో లండన్‌లో ట్రోజన్ రికార్డ్స్‌ని నిలబెట్టిన లీ గాప్తల్ భారతీయ మూలాలున్న జమైకన్. చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలని ఓడల్లో జమైకా తీసుకెళ్ళారు కదా, ఆ భారతీయ సమాజం నుంచి వచ్చినవాడు. ట్రోజన్ అనే పేరు డ్యూక్ రీడ్ తన సౌండ్ సిస్టమ్ మోయించిన లారీ పేరు నుంచి వచ్చింది. అప్పటికి స్కా కాస్త నెమ్మదించి రాక్‌స్టెడీ, రెగేగా మారిపోయింది. ఆ రికార్డులు తెల్ల కార్మికుల పిల్లలూ కొన్నారు. గుండు చేయించుకుని తిరిగే మొదటి తరం స్కిన్‌హెడ్స్‌కి జమైకా సంగీతం అంటే ప్రాణం.

కవెంట్రీ: బ్యాండ్ పెట్టిన లేబుల్

పదేళ్ళు ముందుకి వెళ్దాం. 1979, కవెంట్రీ. కార్ల ఫ్యాక్టరీల ఊరు. ఫ్యాక్టరీలు దెబ్బతింటున్నాయి, ఉద్యోగాలు పోతున్నాయి. నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ వీధుల్లో తిరుగుతోంది. విచిత్రం ఏంటంటే, అదే స్కిన్‌హెడ్ గుండుతో ఉన్న కొంతమంది కుర్రాళ్ళు ఇప్పుడు నల్లవాళ్ళని కొట్టేవాళ్ళలో ఉన్నారు.

ఆ ఊళ్ళో జెర్రీ డామర్స్ అనే కీబోర్డ్ ప్లేయర్ ది స్పెషల్స్ బ్యాండ్ నడిపేవాడు. ఏడుగురిలో నెవిల్ స్టేపుల్, లిన్వల్ గోల్డింగ్ జమైకాలో పుట్టినవాళ్ళు, మిగతావాళ్ళు తెల్లవాళ్ళు. పాత స్కాకి పంక్ వేగం కలిపారు. అప్పు చేసి "గ్యాంగ్‌స్టర్స్" అనే పాట రికార్డ్ చేశారు. రెండో వైపు నింపడానికి ఇంకో పాట చేయడానికి డబ్బుల్లేవు. అందుకని ది సెలెక్టర్ పేరుతో ఉన్న వేరే ట్యూన్ పెట్టారు. ఆ రికార్డు మీద టూ టోన్ అనే లేబుల్ వేశారు, నలుపు తెలుపు గళ్ళతో. పాట బ్రిటన్‌లో ఆరో స్థానానికి వెళ్ళింది.

పెద్ద కంపెనీలు వెంటపడ్డాయి. డామర్స్ ఏం అన్నాడంటే, మా బ్యాండ్ ఒక్కటే కాదు, మా లేబుల్‌ని తీసుకోండి, వేరే బ్యాండ్‌ల రికార్డులు కూడా మేమే వేస్తాం. క్రిసాలిస్ కంపెనీ ఒప్పుకుంది. ఇంకో కండిషన్ నాకు చాలా ఇష్టం. టూ టోన్‌లో ఒక సింగిల్ చేసిన బ్యాండ్ నచ్చిన చోటికి వెళ్ళిపోవచ్చు. మ్యాడ్‌నెస్ ఒక సింగిల్ చేసి స్టిఫ్ రికార్డ్స్‌కి వెళ్ళింది. ది బీట్ ఒక సింగిల్ చేసి గో ఫీట్ అనే సొంత లేబుల్ పెట్టుకుంది.

ఇది నాకు ఎందుకు అంత నచ్చిందో చెప్తా. జాబ్ మానేసి వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో ఒక కంపెనీ వాళ్ళు నాకు కాంట్రాక్ట్ పంపారు. పన్నెండు పేజీలు. తొమ్మిదో పేజీలో ఉంది, నేను అప్పటిదాకా చేసిన వీడియోలన్నీ వాళ్ళవే అవుతాయట. సంతకం పెట్టేవాణ్ణే, అక్క చదివి ఆపింది. అందుకే ఎవడైనా తలుపు తెరిచి ఉంచి "వెళ్ళాలనుకుంటే వెళ్ళు" అని ముందే రాసిచ్చాడంటే నాకు గౌరవం.

1979 నవంబర్‌లో బీబీసీ టాప్ ఆఫ్ ది పాప్స్‌లో ఒకే ఎపిసోడ్‌లో స్పెషల్స్, సెలెక్టర్, మ్యాడ్‌నెస్ మూడూ కనిపించాయి. సెలెక్టర్‌లో ముందు నిలబడి పాడింది పాలీన్ బ్లాక్ అనే నల్లజాతి మహిళ. ఆ తర్వాత అమ్మాయిలే ఉన్న ది బాడీస్నాచర్స్ కూడా ఇదే లేబుల్‌లో వచ్చింది.

పాట జాత్యహంకారాన్ని ఆపిందా?

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. ఆపలేదు. స్పెషల్స్ షోలకే గొడవ చేసేవాళ్ళు వచ్చేవారు. బ్యాండ్ పాట ఆపేసి కొట్లాటలు విడదీయాల్సి వచ్చేది. 1980లో కేంబ్రిడ్జ్ షోలో గొడవ ఆపబోయిన డామర్స్, గాయకుడు టెర్రీ హాల్ మీదే రెచ్చగొట్టారని కేసు పెట్టి ఫైన్ వేశారు. అదే ఏడాది లిన్వల్ గోల్డింగ్‌ని లండన్‌లో జాతి ద్వేషంతో దారుణంగా కొట్టారు. 1981 ఏప్రిల్‌లో కవెంట్రీ నడిబొడ్డున భారతీయ మూలాలున్న ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి చంపేశారు. జూన్‌లో స్పెషల్స్ అదే ఊళ్ళో జాత్యహంకారానికి వ్యతిరేకంగా కచేరీ చేసింది.

అప్పుడే "ఘోస్ట్ టౌన్" వచ్చింది. క్లబ్బులు మూతపడిన, పని లేని ఊరి గురించిన పాట. జులైలో ఇంగ్లండ్ ఊళ్ళల్లో అల్లర్లు జరుగుతుంటే ఈ పాట మూడు వారాలు నంబర్ వన్. ఆ రికార్డు రెండో వైపు "వై?" అనే పాట ఉంది. తనని కొట్టినవాళ్ళని ఉద్దేశించి గోల్డింగే రాసుకున్నది. అంటే నంబర్ వన్ రికార్డు కొన్న ప్రతి ఇంటికీ ఆ ప్రశ్న వెళ్ళింది. సమస్య తీరకపోవచ్చు, కానీ దెబ్బ తిన్నవాడు తన పేరుతో తనే మాట్లాడాడు. అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే హాల్, స్టేపుల్, గోల్డింగ్ వెళ్ళిపోయి ఫన్ బాయ్ త్రీ పెట్టుకున్నారు. డామర్స్ మిగిలినవాళ్ళతో పెద్ద ఆల్బమ్ మొదలుపెట్టాడు, అది సాగి సాగి 1984లో వచ్చింది. అందులోనే "నెల్సన్ మండేలా" పాట ఉంది. కానీ స్టూడియో ఖర్చు క్రిసాలిస్‌కి అప్పుగా పేరుకుపోయింది. కొన్నాళ్ళకే టూ టోన్ ఆగిపోయింది. లేబుల్ మీద పేరు వాళ్ళదే, వెనక డబ్బు మాత్రం వేరేవాళ్ళది. ఆ లోటు తెలిసినట్టే, 1996లో కాలిఫోర్నియాలో మైక్ పార్క్ అనే కొరియన్ అమెరికన్ స్కా మనిషి తల్లిదండ్రుల గ్యారేజ్ నుంచే ఏషియన్ మ్యాన్ రికార్డ్స్ మొదలుపెట్టాడు. మన దేశంలో కూడా 2009లో ఢిల్లీలో ది స్కా వెంజర్స్ మొదలైంది.

చివరిగా ఒక ట్రాంబోన్

ఆల్ఫా స్కూల్ గుర్తుంచుకోమన్నాను కదా. అక్కడ చదివిన రికో రోడ్రిగ్జ్ 1961లో ఇంగ్లండ్ వచ్చాడు. 1967లో డాండీ లివింగ్‌స్టన్ "రూడీ, ఎ మెసేజ్ టు యూ" పాడితే ట్రాంబోన్ ఊదింది రికో. 1979లో స్పెషల్స్ అదే పాట మళ్ళీ చేసినప్పుడు ఎవరితో ఊదించారో తెలుసా? రికోతోనే. పాట తీసుకుని మనిషిని వదిలేయలేదు. 1981లో "దట్ మ్యాన్ ఈజ్ ఫార్వర్డ్" అనే ఆల్బమ్ టూ టోన్ లేబుల్ మీద వచ్చింది, రికో సొంత పేరుతో.

కాబట్టి ఈసారి ఎవరైనా "అసలైన స్కా ఏది?" అని అడిగితే వేవ్‌లు లెక్కపెట్టకండి. రెండు రూడీలూ పక్కపక్కన పెట్టుకుని వినండి. మధ్యలో పన్నెండేళ్ళు, వేరే బ్యాండ్, వేరే లేబుల్. ట్రాంబోన్ ఊపిరి మాత్రం ఒకటే.

సరే అండీ, ఇవాళ్టికి ఇంతే. మీరు ముందు ఏ రూడీ విన్నారో కింద చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో రాక్‌స్టెడీ ఎందుకు అంత నెమ్మదిగా ఉంటుందో మాట్లాడుకుందాం. ఉంటా మరి.