మీకు తెలుసా? సికిల్ సెల్ మందులు రెండూ చేరేది డీఎన్ఏ నకలు దగ్గరికే

మంచిర్యాల జిల్లా గోండు, కోలాం గూడేల్లో సికిల్ సెల్ కొత్త మాట కాదు. ఈ జబ్బున్నవాళ్లకు డాక్టర్లు ఎక్కువగా రాసే మందులు ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీయూరియా. మూలుగలో కణాలు తమ డీఎన్ఏకు నకలు తీసుకునే చోటే రెండింటికీ పని. రోజూ మింగే గోలీ లోపల ఏం చేస్తుందో మింగేవాళ్లకు తెలియాలి.

● మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. వంకర పోయే సికిల్ కణం 10 నుంచి 20 రోజులకే చచ్చిపోతుంది. ఆ లోటు పూడ్చాలంటే మూలుగ తెరిపి లేకుండా కణాలను పుట్టిస్తూనే ఉండాలి. కణం రెండుగా చీలే ముందు డీఎన్ఏలోని 600 కోట్ల పైచిలుకు అక్షరాల జతలకు నకలు తీయాలి. మనిషి కణాల్లో ఇది సాధారణంగా 8 గంటల పని, సింగరేణిలో ఒక షిఫ్టంత.

● నకలు తీసేటప్పుడు హెలికేస్ అనే ప్రోటీన్ డీఎన్ఏ రెండు పోగులను విప్పుతుంది. విప్పినవి మళ్లీ అతుక్కోకుండా ఆర్‌పీఏ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. కొత్త పోగును అల్లేది పాలిమరేజ్ అనే ఎంజైమ్. అయితే అది ఒంటరిగా డీఎన్ఏ మీద ఎక్కువసేపు నిలవలేదు, జారిపోతుంది. దాన్ని నిలబెట్టేది పీసీఎన్ఏ అనే వలయం. ఒకేలాంటి మూడు ముక్కలు కలిసి డీఎన్ఏ చుట్టూ మూసుకుంటే ఆ వలయం అవుతుంది. ఆ వలయం తనంతట తాను డీఎన్ఏ మీదికి ఎక్కలేదు. ఆర్‌ఎఫ్‌సీ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని తెరిచి, డీఎన్ఏకు తొడిగి, తప్పుకుంటుంది. ఒక పోగు ముక్కలు ముక్కలుగానే తయారవుతుంది. ఆ ముక్కల కొసలు కత్తిరించే ఎఫ్‌ఈఎన్1, అతికించే లైగేజ్ కూడా వచ్చి పట్టుకునేది ఈ వలయాన్నే. నకలు కథలో నాకు అన్నిటికంటే అబ్బురం ఇదే.

● సికిల్ సెల్‌కు మూలం ఒక్క అక్షరం. హిమోగ్లోబిన్‌కు చెందిన బీటా గ్లోబిన్ జన్యువులో ‘ఎ’ ఉండాల్సిన చోట ‘టి’ ఉంది. పాలిమరేజ్ అక్షరాల జత కుదిరిందా అనే చూస్తుంది, అర్థం చూడదు. అందుకే ఆ ‘టి’ తరతరాలుగా పొల్లు పోకుండా దిగుతోంది.

● హెలికేస్‌కూ ఆర్‌ఎఫ్‌సీకీ శక్తినిచ్చేది ఏటీపీ అనే అణువు. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి గుర్తించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా గుర్తించారు.

● ఫోలిక్ యాసిడ్ ప్రయోగశాలలో తయారైంది కూడా సుబ్బారావు నడిపిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన బృందం చేతిలోనే. డీఎన్ఏలోని ‘టి’ అక్షరం తయారీకి, ఫోలిక్ యాసిడ్ నుంచి వచ్చే ఫోలేట్ కావాలి. అది చాలకపోతే మూలుగ కణాలు ఉబ్బి పెద్దవవుతాయి గానీ చీలలేవు. క్షణం తీరిక లేని సికిల్ సెల్ మూలుగకు ఫోలేట్ ఖర్చు ఎక్కువ. అందుకే ఆ గోలీ.

● ఫోలేట్‌ను అడ్డుకుంటే నకలు ఆగుతుంది. ఆ బృందమే తయారుచేసిన, ఫోలేట్‌ను అడ్డుకునే మందు అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. రెండు నెలలకే సుబ్బారావు కన్నుమూశారు.

● హైడ్రాక్సీయూరియా చేసేది కూడా అడ్డుకోవడమే. డీఎన్ఏ అక్షరాలను తయారుచేసే రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్‌ను (ఒక ఎంజైమ్) అది నెమ్మదింపజేస్తుంది. ఈ మందుతో, కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ రక్తంలో మళ్లీ పెరుగుతుంది. అది కణాలు వంకర పోకుండా కాస్తుంది. మోతాదు మించితే మూలుగ పనే మందగిస్తుంది. ఈ మందు వాడేవాళ్లను డాక్టర్లు ఊరికే రక్తపరీక్షలకు పిలవరు. మూలుగ ఎంత తట్టుకుంటోందో చూసి మోతాదు సరిచేయడానికే పిలుస్తారు.