ఒకే మీట, మూడు నొక్కులు

చిప్ పటంలో వేలాది తీగలు పెనవేసుకొని ఉంటాయి. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకోవడమెలా? 1980లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తయారైన ‘మ్యాజిక్’ ప్రోగ్రాంలో బాణం గుర్తును తీగపై ఉంచి ‘ఎస్’ మీట నొక్కితే, అక్కడి ముక్క ఒక్కటే ఎంపికవుతుంది. మళ్ళీ నొక్కితే అదే పొరలో దాన్ని అంటుకున్న భాగమంతా! మూడోసారి నొక్కితే, పొరలు దాటి విద్యుత్తు పారే దారి మొత్తం కనిపిస్తుంది. సంబంధంలేని తీగ కూడా అందులో చేరిందా, రెండూ ఎక్కడో అతుక్కున్నట్లే. చిప్ తయారయ్యాక తెలిస్తే లాభమేముంది?

ఈ పనిని ‘మాక్రో’ అనే ఆదేశంతో మీకు నచ్చిన మీటకు అప్పగించవచ్చు. అయితే ‘డి’ జోలికి మాత్రం పోకండి. మామూలుగా అది చెరిపే మీట. మీ అలవాటు కొద్దీ మరొకరి యంత్రంపై దాన్ని నొక్కారో, ఎంచి ఉంచిన తీగ మాయం! అప్పుడిక, చేసిన పనిని రద్దుచేసే ‘యు’ మీటే దిక్కు.