పుంగనూరు ఆవు ఎత్తు సరే, తండ్రి ఎవరో అడిగారా?



పై వీడియోలో మీరు చూసింది హార్స్లీ హిల్స్ కింద, బి.కొత్తకోట వైపు ఉన్న మా కొట్టం. మా పెద్దోళ్ళు ఈ కొండను ఇప్పటికీ ఏనుగు మల్లమ్మ కొండ అనే అంటారు. హార్స్లీ అనే కలెక్టరు దొర బంగళా కట్టుకున్నాక పేరు మారింది. సరే, ఆ కథ ఇంకోసారి.

పుంగనూరు ఆవుల మీద ముందు పెట్టిన వీడియోకి చాలా ఫోన్లు వచ్చాయి. అందరూ ఒకటే అడుగుతారు: "అన్నా, ఎత్తు ఎంత? ఇంకా పొట్టివి దొరుకుతాయా?" ఒక్కరు కూడా దీని తండ్రి ఏది, తల్లి ఏ కొట్టంలో పుట్టింది అని అడగలేదు. వీడియోలో ఈ సంగతి రెండు నిమిషాలే చెప్పగలిగాను. లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నా, నిదానంగా చదువుకోండి.

పుంగనూరు మన నేల జాతి. పుంగనూరు, మదనపల్లె, వాయల్పాడు, పలమనేరు చుట్టూ పుట్టి పెరిగింది. ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోల దాకా. వెడల్పు నుదురు, చిన్న కొమ్ములు, నేలకు తగిలేంత తోక. వానలు లేని ఏట కూడా ఎండుగడ్డి, చొప్ప తిని నిలబడుతుంది. జెర్సీ సూదులు ఊరూరా వచ్చాక, దుక్కికి ట్రాక్టర్లు దిగాక దీన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. అంతరించిపోయే దాకా వచ్చింది. పలమనేరులో వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉన్న పశు పరిశోధనా కేంద్రం ఒక మందను కాపాడుకుంటూ వచ్చింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మిషన్ పుంగనూరు పేరుతో ఐవీఎఫ్ పద్ధతిలో దూడలను పుట్టించే పని అక్కడే మొదలుపెట్టింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో ఈ ఆవులు కనిపించాక ఇక చెప్పేదేముంది, ధర లక్షల్లోకి ఎక్కింది.

మనలాంటోళ్ళకు ఇది కలిసొచ్చే ఆవు. జీవామృతానికి పది కిలోల పేడ, ఐదు పది లీటర్ల మూత్రం కావాలి. తక్కువ మేతతో అది దొరికితే అంతకన్నా ఏం కావాలి. (వెన్న ఎనిమిది శాతం అని చెప్పి అమ్మేవాళ్ళ మాట మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. మీ ఊరి పాల కేంద్రంలో నాలుగు పూటలు ఫ్యాటు చూపించుకోండి.)

మా అన్న కూతురు జెనెటిక్స్‌లో పీజీ చేసింది. సెలవులకు వచ్చినప్పుడు మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు తిరిగి పుంగనూరు ఆవులు ఉన్న ఇళ్ళన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. ఇరవై ఆవులు తేలాయి.

"చిన్నాయనా, ఈ ఇరవైకీ ఆబోతులెన్ని?"

"ఒకటే. సంత దారిలో ఉండే ఆయన కొట్టంలోది."

"అట్లయితే మీ దగ్గరున్నవి ఇరవై ఆవులు కాదు, నాలుగు కూడా కాదు."

నాకు అర్థం కాలేదు. కాగితం మీద వేసి చూపించింది. మీరూ వేసి చూడండి. ఆవుల సంఖ్యను ఆబోతుల సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగుతో గుణించి, వచ్చినదాన్ని మొత్తం ఆవులు, ఆబోతుల కూడికతో భాగించాలి. ఇరవై ఆవులు, ఒక ఆబోతు అయితే 80ని 21తో భాగిస్తే 3.8. అంటే రక్తంలో వైవిధ్యం లెక్కన ఆ మంద మొత్తం నాలుగు పశువుల పాటి కూడా చేయదు. ఎందుకంటే పుట్టే ప్రతి దూడకూ తండ్రి ఒక్కడే.

"సరే, ఇంకో ఇరవై ఆవుల్ని తెద్దాం" అన్నాను.

నలభై ఆవులు, ఒక ఆబోతు వేసింది. 3.9 వచ్చింది! లక్షలు పోసి ఇరవై ఆవులు తెచ్చినా కదిలింది 0.1 మాత్రమే. అదే ఇరవై ఆవులకు చుట్టరికం లేని రెండో ఆబోతును తెస్తే 7.3, దాదాపు రెట్టింపు. నేను ఈ లెక్క చూశాక రెండు రోజులు ఇంకో పని మీద మనసు పెట్టలేకపోయాను.

ఇది తగ్గితే ఏమవుతుంది అంటారా? ఒక ఆబోతులో చెడ్డ జన్యువు ఒకటి ఒంటిగా దాక్కుని ఉందనుకోండి. జతగా కలిస్తేనే అది బయటపడే రకం. ఆ ఆబోతుకు ఏమీ కాదు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. దాని పెయ్యల్లో సగానికి ఆ జన్యువు వస్తుంది. వాటికీ ఏమీ కాదు. అవి ఎదకొచ్చాక ఊళ్ళో ఉన్న ఆబోతు అదే కాబట్టి మళ్ళీ దానికే దాటిస్తాం. ఆ జన్యువున్న పెయ్యకు పుట్టే దూడల్లో నాలుగింట ఒకటి జతతో పుడుతుంది. అప్పుడు చూడి నిలవకపోవడం, ఈసుకుపోవడం, బలహీనమైన దూడ. మనమేమో దిష్టి తగిలిందనో మేత సరిపోలేదనో అనుకుంటాం.

మనుషుల్లోనూ ఇదే లెక్క. మన రాయలసీమలో మేనరికం, అక్క కూతుర్ని చేసుకోవడం కొత్త కాదు. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో దాదాపు మూడింట ఒక పెళ్ళి దగ్గరి చుట్టరికమే అని తేలింది. మేనబావ మరదలికి పుట్టే బిడ్డకు, తల్లివైపు తండ్రివైపు నుంచి ఒకే పూర్వీకుల జన్యువు జతగా వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ, మేనకోడలికి అయితే ఎనిమిదింట ఒకటి. తండ్రీ కూతుళ్ళు అయితే నాలుగింట ఒకటి. ఇంట్లో తలపుకు కూడా రానివ్వని సంబంధాన్ని కొట్టంలో ఏటా కలుపుతున్నాం. సొంత ఆబోతే కదా, ఖర్చు లేదు కదా అని.

దీని మీద పని చేసినవాళ్ళలో మన తెలుగాయన ఒకరున్నారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చి ఇక్కడి పౌరసత్వం తీసుకున్న జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర, 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిష్యుడిగా చేరారు. ఆంధ్రలో దగ్గరి చుట్టరికపు పెళ్ళిళ్ళ మీద పి. మీరాఖాన్‌తో కలిసి ఆయన చేసిన పని 1963లో అచ్చయింది. చెవి మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కి ఎలా వస్తాయో వంశాలు పట్టుకుని చూశారు. లాంటానా కంపలో ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో కూర్చుని లెక్కపెట్టారు. ఖరీదైన యంత్రాలేమీ లేవు. లెక్కపెట్టడం, రాసుకోవడం, అంతే. మనిషి అయినా, పురుగు అయినా, పువ్వు అయినా ఆయనకు ఒకటే పుస్తకం. ఆ లాంటానా మన కొండ నిండా ఉంది కదా, మన పిల్లలతో ఒక ఆదివారం చేయించొచ్చు ఆ పని.

ఇప్పుడు పొట్టి పిచ్చి సంగతి. 1940, 50ల్లో అమెరికాలో హెర్‌ఫర్డ్ అనే మాంసపు జాతికి పోటీలు పెట్టేవాళ్ళు. పొట్టిగా, గట్టిగా ఉన్న పశువుకు బహుమతి. అందరూ అలాంటి ఆబోతుల కోసం ఎగబడ్డారు. ఆ పొట్టివాటిలో చాలా వాటిల్లో మరుగుజ్జు జన్యువు ఒంటిగా ఉంది. కొన్నేళ్ళకు జతగా కలిసి, ఉబ్బిన పొట్టతో, గురగురమని ఊపిరి తీసే మరుగుజ్జు దూడలు మందల్లో పుట్టడం మొదలైంది. పేరున్న వంశాల ఆబోతుల్ని కూడా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఐర్లండులో డెక్స్‌టర్ అనే పొట్టి జాతిలోనూ ఇంతే. కాళ్ళు పొట్టిచేసే జన్యువు ఒకటి వస్తే ముద్దొచ్చే ఆవు, రెండూ వస్తే చచ్చి పుట్టే దూడ. పుంగనూరు తరతరాలుగా ఈ కొండల్లో తిరిగి, మేసి, ఈని నిలబడ్డ పొట్టితనం. దాన్ని ఇంకా పొట్టి చేయాలని అన్నాచెల్లెళ్ళను, తండ్రీ కూతుళ్ళను కలిపేది జాతిని కాపాడటం కాదు, బొమ్మల వ్యాపారం. ఇది నా మాట, ఎవరికి కోపం వచ్చినా సరే.

సూది వేయిస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. సూది మంచిదే, కానీ ఏ ఆబోతుదో తెలిస్తేనే. హోల్‌స్టీన్ జాతిలో 1962లో పుట్టిన చీఫ్ అనే ఆబోతుకు పదహారు వేలకు పైగా కూతుళ్ళు. పాలు బాగా ఇచ్చే వంశం. దానిలో దాగిన ఒక జన్యు లోపం వల్ల ప్రపంచమంతా ఐదు లక్షలకు పైగా చూళ్ళు పోయాయని తర్వాత లెక్కకట్టారు.

విత్తనం దగ్గరికి వస్తే కొంచెం తేడా ఉంది. వరి, రాగి, శెనక్కాయ, టమాటా తమలో తామే పరాగం కలుపుకుంటాయి. వేల తరాలుగా అలా జరిగి చెడ్డవి చాలావరకు రాలిపోయాయి. అందుకే మంచి మొక్కలు కొన్ని ఎంచుకుని విత్తనం దాచినా పంటకు దెబ్బ ఉండదు. మొక్కజొన్న, సజ్జ అలా కాదు, అవి పుంగనూరు ఆవు లాంటివి. నాలుగు కంకులు బాగున్నాయని అవే దాచి ఏటా వేస్తే మూడు నాలుగేళ్ళకు కర్ర సన్నబడి, కంకి బోసిపోతుంది. కనీసం వంద మొక్కల నుంచి, కుదిరితే రెండు వందల నుంచి తలా కొన్ని గింజలు తీసి కలపండి. కంది మధ్యరకం, తేనెటీగలు పక్క చేను నుంచి కలిపేస్తాయి. హాల్డేన్ దగ్గరే పనిచేసిన ఎస్.కె. రాయ్ వరి రకాల్ని విడిగా, కలిపి వేసి చూశారు. కొన్ని జతల్లో కలిపి వేసినప్పుడే దిగుబడి పెరిగిందని 1960లో రాశారు. నవధాన్యాలు చల్లే మనకు ఇది వింతేం కాదు.

మళ్ళీ కొట్టానికి వద్దాం. మంద నిలబడాలంటే ఆ లెక్క 50కి తగ్గకూడదని జాతుల సంరక్షణలో చెప్తారు. 75 ఆవులు, 15 ఆబోతులు ఉంటే సరిగ్గా 50 వస్తుంది. ఒక ఊరికి అయ్యే పని కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు వైపుల రైతులు కలిస్తే అవుతుంది. అందుకే మంచి కోడె దూడల్ని చిన్నప్పుడే అమ్మేయొద్దని, లేదా కొట్టించొద్దని అడుగుతున్నా.

మేం ఇప్పుడు చేస్తున్నది ఇది. ప్రతి దూడకు పుస్తకంలో ఒక వరస: చెవి ట్యాగులోని పన్నెండు అంకెలు, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి, తల్లి తండ్రి, తండ్రి తల్లి. సూది వేయిస్తే ఆ గొట్టం మీద అచ్చేసిన ఆబోతు నంబరు కూడా రాస్తాం, గొట్టం పారేయకముందే. ఎదకొచ్చిన రోజు పుస్తకం తెరిచి, రెండు తరాల్లో ఒకే పేరు రెండు వైపులా కనిపిస్తే ఆ జత వద్దు. ఆబోతు కూతుళ్ళు ఎదకొచ్చే వయసు వచ్చేలోగా, అంటే రెండు మూడేళ్ళకోసారి, ఆబోతును వేరే ఊరికి పంపి అక్కడిది తెచ్చుకోవాలి. తెచ్చే ముందు బ్రుసెల్లా, టీబీ పరీక్ష పశువుల డాక్టరు చేత తప్పకుండా చేయించండి.

సంత దారి ఆబోతు ఈ దసరా తర్వాత కుప్పం వైపు ఒక రైతు కొట్టానికి పోతుంది. ఆయన దగ్గరి గోధుమ రంగు కోడె మాకు వస్తుంది. దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నది పుస్తకంలో ముందే రాసిపెట్టాం. వచ్చే వీడియోలో ఆ కోడెను చూపిస్తాను, పుస్తకంలో దాని వరస కూడా.