కూలి డబ్బులతో మందులేని కూడు: ఏది కొనాలి, ఏది వదలాలి?

‘సేంద్రియం’ అన్న మాట పట్నాలు దాటి ఉదయగిరి, ఆత్మకూరు మెట్టకూ వచ్చింది. పొట్లం మీద ఆ మాట అచ్చేస్తే చాలు, ధర పెరుగుతుంది. దినకూలి మీద బతికేవాళ్లం అన్నీ అలా కొనగలమా? కొనలేం. కొననక్కరలేదు కూడా. ఏ పంటకు మందు ఎక్కువ పడుతుందో చూసుకొని, ఉన్న నాలుగు డబ్బులు అక్కడే పెట్టాలి. ఈ సంగతి మందుడబ్బా వీపున మోసిన కూలీకి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ముందు, వదిలేయదగినవి. మన మెట్టలో వానకు పండే సజ్జ, జొన్న, కొర్రలకు పురుగుమందు కొట్టడం అరుదు. వాటినే పొట్లం కట్టి ఎక్కువ ధరకు అమ్మితే, మనం పేరుకు డబ్బిచ్చినట్టే. ఊళ్లో పండించిన రైతు దగ్గరే గింజలు కొలిపించుకోండి. ఉల్లి, అరటి, కొబ్బరి పైతొక్క తీసి తింటాం గనక వాటికీ అదనపు ఖర్చు వద్దు. డిపో బియ్యం మాని సేంద్రియ బియ్యం కొంటే కూలంతా అక్కడే సరి. వడ్ల మీద పడ్డ మందు చాలావరకు ఊకతో, తవుడుతో పోయేదే.

జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి: మిరప, వంగ, బెండ, కాలీఫ్లవర్, కరివేపాకు. వీటికి పదేపదే మందు కొడతారు, మనం తొక్క తీయకుండా తింటాం. మన దేశపు కరివేపాకు, బెండలపై మందు అవశేషాల కోసం ఐరోపా దేశాలు ప్రత్యేక తనిఖీలు పెట్టాయి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై కొట్టరాదని కేంద్రం 2005లోనే నిషేధించింది. కడిగితే పైమందు కొంత పోతుంది, లోపలికి ఇంకింది పోదు. డబ్బు పెడితే వీటికే పెట్టాలి. అంతకన్నా మేలు, నీళ్లు పారబోసే జాగాలో ఓ కరివేప, నాలుగు మిరప, వంగ మొక్కలు వేసుకోవడం. పురుగొస్తే వేపగింజల కషాయం ఉండనే ఉంది.

పొట్లం కొంటే ‘జైవిక్ భారత్’ గుర్తు ఉందో లేదో చూడండి. ఆ నిబంధనలు 2017లో వచ్చాయి. చిన్నరైతు నేరుగా అమ్మితే గుర్తు అక్కరలేదని వాటిలోనే ఉంది. అక్కడ చూడాల్సింది చేను. ‘ఏం కొట్టావన్నా?’ అని అడగాలి.

అయితే ఏరుకొని కొనడంతో పని తీరదు. తినేవాడికి చేరేది అవశేషమే, కొట్టేవాడికి విషం నేరుగా ఊపిరిలోకి, చర్మంలోకి పోతుంది. సుప్రీంకోర్టు 2011లో ఎండోసల్ఫాన్‌ను ఆపేలోగా కేరళలో కాసర్‌గోడ్ జీడితోటల పక్క పల్లెలు ఎంత నష్టపోయాయో దేశమంతా చూసింది. చేతితొడుగు, ముఖానికి గుడ్డ ఇవ్వందే మందుకొట్టే పనికి దిగమని కూలీలంతా ఒక్క మాట మీద నిలబడాలి.

మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సాగు నడిపిస్తోంది. ఆ పంట ఉన్నవాళ్ల అంగళ్లకేనా? రైతుకు గిట్టుబాటు ధర ఇచ్చి కొని, మన అంగన్‌వాడీకి, బడి భోజనానికి, చౌక డిపోకు చేర్చాలి. ఈ మాట గ్రామసభలో అడుగుదాం. మందులేని కూడు డబ్బున్నవాడి సోకు కాదు, పండించే వాడి హక్కు.