ఏడాదికోసారా, నూరు మునకలకోసారా?

స్కూబా రెగ్యులేటర్ పని ఒత్తిడి తగ్గించడం. వంటింట్లో గ్యాస్ సిలిండర్ మీది రెగ్యులేటర్ చేసేదీ అదే. కాకపోతే నీటిలో ఆ పని రెండు మెట్లలో జరుగుతుంది. నిండు సిలిండర్‌లో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. సిలిండర్‌కు బిగించిన మొదటి భాగం దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే 9, 10 బార్లు ఎక్కువ ఉండేంతకు దించుతుంది. నోట పెట్టుకునే రెండో భాగం, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, ఆ లోతుకు తగిన ఒత్తిడితో గాలి వదులుతుంది. ఇలా పీల్చినప్పుడే గాలినిచ్చే ఆక్వాలంగ్‌ను ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ 1943లో రూపొందించారు.

బాగా చూసుకుంటే రెగ్యులేటర్ ఇత్తడి ఒడలు దశాబ్దాలు మన్నుతుంది. అరిగేవి లోపలి రబ్బరు ఓ-రింగులు, కవాటం ఆనుకునే మెత్తని సీట్లు. సర్వీసు అంటే భాగాలన్నీ విప్పి, ఉప్పు, చిలుము కడిగి, వీటిని మార్చి, ఒత్తిడి సరిచూసి బిగించడం.

చాలా కంపెనీలు ఏటా ఒకసారి పరీక్ష, రెండేళ్లకు లేదా 100 మునకలకు, ఏది ముందొస్తే దానికి, పూర్తి సర్వీసు చెబుతాయి. అటామిక్ ఆక్వాటిక్స్ ఆ హద్దును 300 మునకల దాకా పెంచింది. ఏ మోడల్‌కైనా దాని పుస్తకంలో రాసిందే ప్రమాణం.

భివండీ పక్కన కాల్హేర్‌లో మరమగ్గాలు నడిపే తెలుగు కుటుంబం సెలవులకు కొంకణ్ వెళ్లి మాల్వణ్, తార్కర్లీల్లో సముద్రంలోకి దిగిందనుకుందాం. అక్కడ కట్టుకునేది అద్దె సెట్టు. రోజుకు నలుగురు వాడినా నూరు మునకలు 25 రోజుల్లో అయిపోతాయి. అలాంటి సెట్టుకు కేలండర్ చూసి సర్వీసు చేయించడం అర్థం లేని పని, మునకలే లెక్కపెట్టాలి. వానాకాలంలో ఆ తీరాన డైవింగ్ ఆగిపోతుంది. అన్నీ విప్పి చూడడానికి అదే అనువైన కాలం, అయితే మునకలు నిండితే సీజన్ మధ్యలోనూ సర్వీసు తప్పదు. ఏడాదికి రెండు మూడుసార్లే దిగే సొంతదారుకు మాత్రం ఏళ్లే లెక్క. బీరువాలో ఊరకే ఉన్నా లోపల మిగిలిన ఉప్పు గడ్డకడుతుంది, రబ్బరు బిరుసెక్కుతుంది.

గడువు రాకముందే పరికరం కొన్ని గుర్తులు చూపిస్తుంది. మొదటి భాగం సీటు అరిగితే, అది దించి పంపే మధ్య ఒత్తిడి మెల్లగా పెరుగుతూ పోతుంది, చివరికి నోటి భాగం నుంచి గాలి ఆగకుండా కారుతుంది. గాలి వచ్చే దారిలోని చిన్న వడపోత ఆకుపచ్చగా మారితే ఉప్పునీరు లోపలికి చేరిందని, ఎర్రగా ఉంటే ఉక్కు సిలిండర్‌లో తుప్పు ఉందని అనుమానించాలి. ఇవి కనిపిస్తే గడువు దాకా ఆగకూడదు.

ప్రతి మునక తర్వాత మంచినీటిలో నానబెట్టడం సర్వీసుకు సాటి రాదు కానీ, దాన్ని దూరం నెట్టేది అదొక్కటే. నానబెట్టే ముందు మొదటి భాగం మూత పొడిగా తుడిచి బిగించాలి. నీటిలో ఉండగా నోటి భాగం మీది బటన్ నొక్కకూడదు. నొక్కితే కవాటం తెరుచుకుని నీరు గొట్టంలోకి పోతుంది.

సర్వీసు కొత్తగా అయిన సెట్టునూ వెంటనే లోతుకు తీసుకెళ్లకూడదు. కొత్త సీటు కుదురుకునే దాకా ఒత్తిడి కాస్త మారుతుంది, కనుక మొదటి మునకలు తక్కువ లోతులోనే జరగాలి. అద్దె సెట్టయినా, సొంతదైనా, దిగే ముందు సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ మీద చూపు నిలిపి నాలుగుసార్లు గట్టిగా పీల్చాలి. పీల్చినప్పుడల్లా ముల్లు ఊగితే సిలిండర్ పూర్తిగా తెరవలేదని, లేదా వడపోత మూసుకుపోయిందని అర్థం.