రెక్కకు రబ్బరు కట్టు!

పోచంపల్లిలో సైకిల్‌ ట్యూబును సన్నటి పట్టీలుగా కోసి నూలుకు బిగించి కడతారు. కట్టిన చోట రంగు అంటదు. అద్దకం అయ్యాక విప్పేస్తారు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కత్‌ అందమంతా ఆ కట్టులోనే ఉంది.

రిమోట్‌తో ఎగిరే శిక్షణ విమానానికీ అలాంటి కట్టే కావాలి! రెక్కను బాడీకి కదలకుండా బిగిస్తే మంచిదే కదా అంటారా? కొత్తగా నేర్చుకునేవారి విమానం ఎప్పుడో ఒకప్పుడు నేలను ఢీకొంటుంది. అప్పుడు కదలని రెక్క తాను విరగడమే కాదు, బాడీనీ చీలుస్తుంది. అందుకే రెక్కకు ముందూ వెనకా బాడీలో అడ్డంగా కర్రపుల్లలు గుచ్చి, వాటికి రబ్బరు బ్యాండ్లు తగిలిస్తారు. దెబ్బ తగిలితే రెక్క పక్కకు జారి బతికిపోతుంది.

అలాగని వదులుగా కడితే అసలుకే మోసం. గాలిలో రెక్క ఊడిందంటే కింద ఉన్నవారికే ముప్పు. ఐదడుగుల రెక్కకు పది, పన్నెండు బ్యాండ్లు వేయాలి. చివరి రెండింటినీ ఇంటూ గుర్తులా వేస్తే మిగతావి జారవు. తోక నుంచి రెక్క రెండు కొనలకూ దారంతో కొలిచి, దూరం సమానంగా ఉందో లేదో చూసుకోవాలి.

రబ్బరుకు ఎండ, ఇంజిన్‌ నూనె పడవు. పగిలిన బ్యాండును పారేయాల్సిందే. మిగిలినవి తుడిచి, కాస్త టాల్కం పౌడరు చల్లి, మూత ఉన్న డబ్బాలో దాచండి.